తాతయ్య మాటల్లో సగం నిజమే ఉంది

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. క్లుప్తంగా విషయం ఇదీ. ఆమె తండ్రికి 71 ఏళ్ళు. భూగర్భ శాస్త్రం చదివి, బొగ్గు గనుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటున్నారు. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం వాతావరణ మార్పు మీద చార్టులు, ఒక ప్రయోగం సిద్ధం చేసుకుంటోంది. తాతయ్య అవి చూసి, "భూమి ఎప్పుడూ మారుతూనే ఉంది. మంచు యుగాలు వచ్చాయి, పోయాయి. అప్పుడెవరు బొగ్గు కాల్చారు? సూర్యుడి ముందు, అగ్నిపర్వతాల ముందు మనిషెంత? గాలిలో 0.04 శాతం ఉన్న వాయువు ఏం చేయగలదు?" అన్నారు. చార్టుల్లో రెండు తప్పులు కూడా వేలు పెట్టి చూపించారు. అమ్మాయి ఉక్రోషం పట్టలేక, "మీలాంటివాళ్ళే భూమిని పాడుచేసి మా నెత్తిన పెట్టారు" అనేసింది. ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోయారు. మూడు వారాలుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన ఫోన్లో ఒక వీడియో పంపితే, ఈ పిల్ల జవాబుగా ఇంకోటి పంపుతోంది. "నేను చదివింది కామర్స్. ఎవరిది కరెక్టో నాకు తేలడం లేదు. ఎగ్జిబిషన్ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. ఎవరి పక్షాన నిలబడను?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

ముందు మీకు తేలని విషయం తేల్చేద్దాం. అసలు విషయంలో మీ అమ్మాయి చెప్పేదే నిజం. పరిశ్రమలు రాకముందు కాలంతో పోలిస్తే 2011–2020 దశాబ్దానికి భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది. దీనికి కారణం మనిషేనన్న దాంట్లో సందేహానికి తావు లేదని ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం) 2021 నివేదిక ఎలాంటి నసుగుడూ లేకుండా చెప్పింది. అయితే చార్టుల్లో నాన్నగారు పట్టుకున్న తప్పులు కూడా తప్పులే. అందుకే ఈ గొడవ తెగడం లేదు. ఇద్దరి దగ్గరా కొంత నిజం ఉంది, ఎవరి నిజాన్ని వాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 'భూమి వేడెక్కుతోందా, ఎందువల్ల?' అన్నది ఒక ప్రశ్న. 'తప్పు ఎవరిది?' అన్నది వేరే ప్రశ్న. మీ ఇంట్లో రెండూ కలగలిసిపోయాయి. మొదటిదానికి ఔనంటే రెండోదాంట్లో దోషిగా నిలబడాల్సి వస్తుందని నాన్నగారికి అనిపిస్తోంది. జీవితమంతా బొగ్గు పొరల్ని వెతికిన మనిషి ఆయన. ఆ బొగ్గుతో కరెంటు వచ్చింది, ఆ జీతంతో మీరు చదువుకున్నారు. అదంతా పాపమేనని మనవరాలు ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఆయన లెక్కలు చూస్తారా, తన పరువు చూసుకుంటారా? ఈ రెండు ప్రశ్నల్నీ విడదీయనంత కాలం ఎన్ని గ్రాఫులు చూపించినా ఉపయోగం ఉండదు.

ఇక ఆయన అన్న మాటల్ని ఒక్కొక్కటీ చూద్దాం. వాటిలో చాలావరకు నిజమైన విషయాలే, వాటి నుంచి తీసిన ముగింపు దగ్గరే తేడా.

మంచు యుగాలు మనిషి ప్రమేయం లేకుండానే వచ్చాయి, నిజం. భూమి కక్ష్య ఆకారం సుమారు లక్ష ఏళ్ళకోసారి, అక్షం వాలు 41 వేల ఏళ్ళకోసారి, అక్షం ఊగిసలాట సుమారు 26 వేల ఏళ్ళకోసారి తిరిగి మొదటికి వస్తాయి. మంచు యుగాల తాళం చెవి అక్కడ ఉంది. 20 వేల ఏళ్ళ క్రితం మంచు యుగం పతాక దశలో ఉన్నప్పటి నుంచి అది ముగిసేదాకా భూమి సగటున అయిదారు డిగ్రీలు వేడెక్కింది. దానికి దాదాపు పదివేల ఏళ్ళు పట్టింది. అంటే ఒక డిగ్రీకి పదిహేను వందల ఏళ్ళకు పైనే. 1970ల తర్వాత మనం చూస్తున్న వేగం దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీలు. ఈ లెక్కన ఒక డిగ్రీకి యాభై ఏళ్ళు చాలు. కక్ష్య మార్పులు ఇంత తొందరగా పనిచేయవు. పైగా ఇప్పటి కక్ష్య లెక్క ప్రకారం భూమి చాలా నెమ్మదిగా చల్లబడుతూ ఉండాలి.

నాన్నగారు భూగర్భ శాస్త్రవేత్త కాబట్టి దీనికి ఆయన దగ్గర జవాబు ఉండొచ్చు. "గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో దాగిన పాత వాతావరణపు ఆనవాళ్ళు చూడు, కొన్ని దశాబ్దాల్లోనే పది డిగ్రీలు మారిన సందర్భాలున్నాయి" అనవచ్చు. అదీ నిజమే. కానీ అవి ప్రధానంగా ఉత్తర అట్లాంటిక్ ప్రాంతపు మార్పులు. సముద్ర ప్రవాహాలు వేడిని అటూ ఇటూ పంచడంలో వచ్చిన తేడాలు. ఉత్తరాన వేడెక్కినప్పుడు దక్షిణాన చల్లబడేది. ఇప్పుడు రెండు అర్ధగోళాలూ, సముద్రాలూ కలిసి వేడెక్కుతున్నాయి. అలాగే "పాత మంచులో ముందు వేడి పెరిగింది, తర్వాతే కార్బన్ డయాక్సైడ్ పెరిగింది" అనే వాదన కూడా ఆయన పంపే వీడియోల్లో ఉండే ఉంటుంది. కక్ష్య మార్పు మొదలుపెట్టిన వేడికి సముద్రాలు కార్బన్ డయాక్సైడ్‌ను వదిలాయి, అది ఆ వేడిని ఇంకా పెంచింది. అప్పుడు అది రెండో అడుగు. ఇప్పుడు మనం నేరుగా గాలిలోకి వదులుతున్నాం కాబట్టి అదే మొదటి అడుగైంది.

సూర్యుడి సంగతి త్వరగా తేలిపోతుంది. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యశక్తిని కొలుస్తున్నాయి. పదకొండేళ్ళ చక్రంలో కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందే తప్ప, మొత్తం మీద పెరుగుదల లేదు. ఇంకో బలమైన ఆనవాలు కూడా ఉంది. సూర్యుడే కారణమైతే వాతావరణం పైనుంచి కింది దాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు. మనముండే కింది పొర వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడిని కింద పట్టి ఉంచే వాయువులు పెరిగితే సరిగ్గా ఇలాగే కనబడుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే అన్న మాట వినగానే చాలామంది ఒప్పేసుకుంటారు. అంత తక్కువ శాతం ఏం చేస్తుందనిపించడం సహజం. కానీ పొడిగాలిలో 99.9 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్, ఆర్గాన్‌లు నేల నుంచి పైకి పోయే పరారుణ వేడిని దాదాపు పీల్చుకోవు. వాటిని ఎంత కలిపినా ఈ పనిలో లెక్కకు రావు. ఏ వాయువు ఎంత వేడిని పీల్చుకుంటుందో జాన్ టిండాల్ 1859 నుంచే ప్రయోగశాలలో కొలవడం మొదలుపెట్టాడు. ఆ వేడిని పీల్చుకునే వాయువుల్లో (కార్బన్ డయాక్సైడ్ వాటిలో ఒకటి) నీటి ఆవిరిదే పెద్ద వాటా. కాకపోతే అది పది రోజులు తిరక్కుండానే వానగా దిగిపోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఆవిరిని పట్టి ఉంచుతుంది, డిగ్రీకి సుమారు 7 శాతం చొప్పున. అందుకే ఆవిరి తనంతట తాను వేడిని మొదలుపెట్టదు, మొదలైన వేడిని పెంచుతుంది.

అసలైన వాదన అగ్నిపర్వతాల దగ్గర ఉంది. నాన్నగారితో కూర్చుని చేయవలసిన లెక్క ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీనికి నమ్మకం అక్కర్లేదు, కాగితం, పెన్ను చాలు. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు 30 నుంచి 40 కోట్ల టన్నులు. బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు ద్వారా మనం వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. అంటే అగ్నిపర్వతాల వాటా మన వాటాలో వందో వంతు దగ్గర ఆగిపోతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలినప్పుడైతే అది చల్లిన గంధకపు తుంపర వల్ల భూమి ఓ రెండేళ్ళు సుమారు అర డిగ్రీ చల్లబడింది కూడా.

ఇప్పుడు మన 3,700 కోట్లకు అడవుల నరికివేత వగైరా కలిపితే సుమారు 4,100 కోట్ల టన్నులు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒక పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, పెరగడానికి 780 కోట్ల టన్నులు కావాలి. భాగిస్తే ఏడాదికి 5 పీపీఎంకు పైగా పెరగాలి. కొలిస్తే పెరుగుతున్నది సుమారు రెండున్నరే. మిగతా సగం చెట్లు, నేలలు, సముద్రాలు పీల్చుకుంటున్నాయి. ఈ లెక్క ఏం చెబుతోందో చూడండి: ప్రకృతి మొత్తం మీద కార్బన్‌ను వదలడం లేదు, తీసుకుంటోంది. అలాంటప్పుడు పెరుగుదలకు ప్రకృతే కారణమనడం కుదరదు. "చెట్లు, సముద్రాలు వదిలేదానితో పోలిస్తే మనిషి వదిలేది నాలుగైదు శాతమే కదా" అని ఆయన అనొచ్చు. నిజమే. కానీ ఎంత నీరు వస్తుందో అంత నీరూ పోతున్న తొట్టెలోకి ఇంకో సన్నటి ధార వదిలితే మట్టం పెరిగేది ఆ సన్నటి ధార వల్లే.

నాన్నగారి వృత్తికి ఇంకా దగ్గరి ఆధారం ఒకటుంది. బొగ్గు వయసును కార్బన్-14తో, అంటే కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్‌తో, కట్టలేమని ఆయనకు మీరు చెప్పనక్కర్లేదు. అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, అంటే అర్ధాయువు, సుమారు 5,730 ఏళ్ళు, కోట్ల ఏళ్ళ నాటి బొగ్గులో అది మిగలదు. మరి గాలిలో చేరుతున్న కార్బన్ బొగ్గు నుంచే వస్తుంటే గాలిలో కార్బన్-14 వాటా పలచబడాలి కదా? హాన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త చెట్ల వలయాల్లో సరిగ్గా ఇదే చూసి 1955లో ప్రచురించాడు. ఆ తర్వాత అణుబాంబు పరీక్షలు గాలిలో కార్బన్-14ను విపరీతంగా పెంచేశాయి కాబట్టి 1950ల తర్వాతి కొలతల్ని జాగ్రత్తగా చదవాలి. ఆ సందేహం ఆయనకు వస్తే కార్బన్-13 చూడమనండి. మొక్కలు బరువైన కార్బన్-13ను కాస్త తక్కువగా తీసుకుంటాయి, వాటి నుంచి పుట్టిన బొగ్గులోనూ తక్కువే. గాలిలో దాని వాటా ఏటేటా తగ్గుతోంది. అగ్నిపర్వతాల కార్బన్‌కు ఈ గుర్తు ఉండదు. గాలిలో ఆక్సిజన్ కూడా అతి స్వల్పంగా తగ్గుతోంది, ఏదో మండుతుంటేనే అలా జరుగుతుంది.

ఇంకో సంగతి ఆయనకు నచ్చుతుందనుకుంటాను. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కకట్టింది మంచు యుగాల కారణం వెతకబోయి. అప్పట్లోనే బొగ్గు కాల్చడం ద్వారా ఎంత కార్బన్ గాలిలోకి పోతోందో అంచనా వేసిన ఆర్విడ్ హాగ్‌బామ్ భూగర్భ శాస్త్రవేత్త. అంటే ఈ విషయం నాన్నగారి వృత్తి మీద బయటివాళ్ళు చేసిన దాడి కాదు. ఆయన శాస్త్రంలోనే పుట్టింది.

ఇప్పుడు మీ అమ్మాయి వైపు. మీరు ఫొటోలు తీసి పంపిన చార్టుల్లో దిద్దవలసినవి నాలుగు కనిపించాయి. 'ఓజోన్ పొరకు చిల్లు పడి ఎండ లోపలికి రావడం వల్ల భూమి వేడెక్కుతోంది' అని రాసింది. ఈ పొరపాటు చాలామంది పెద్దవాళ్ళలో కూడా ఉంది. ఓజోన్ నష్టానికి కారణం ఫ్రిజ్‌లు, స్ప్రేలలో వాడిన సీఎఫ్‌సీలనే వాయువులు. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత వాటిని ఆపుతూ వచ్చారు, ఆ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. సీఎఫ్‌సీలు వేడిని పట్టే వాయువులు కూడా, అది నిజం. చిల్లు వల్ల భూతాపం అన్నది మాత్రం తప్పు. రెండోది, 'ఉత్తర ధ్రువంలో తేలే మంచు కరిగి సముద్రం పెరుగుతోంది'. నాన్నగారు ఆర్కిమిడీస్‌ను గుర్తుచేసి పట్టుకున్నారన్నారు, బాగా పట్టుకున్నారు. తేలే మంచు కరిగినా మట్టం దాదాపు మారదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాలో నేల మీదున్న మంచు, కొండల్లోని హిమనదాలు కరిగితే పెరుగుతుంది. వేడికి సముద్రపు నీరు వ్యాకోచించడం మరో పెద్ద కారణం. 1901 నుంచి 2018 వరకు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది.

మూడోది, 'మనకు పన్నెండేళ్ళే ఉన్నాయి, తర్వాత అంతా అంతమే'. ఐపీసీసీ 2018 నివేదిక అన్నది అది కాదు. వేడిని 1.5 డిగ్రీల దగ్గర ఆపాలంటే కార్బన్ డయాక్సైడ్ విడుదలను 2030కల్లా 2010 స్థాయి నుంచి సుమారు 45 శాతం తగ్గించాలంది. గడువు దాటితే భూమి పేలిపోదు. ఆపిన ప్రతి పదో వంతు డిగ్రీకీ విలువ ఉంది. విడుదల నికరంగా సున్నాకు వస్తే ఉష్ణోగ్రత పెరుగుదల చాలావరకు ఆగుతుందని కూడా ఇప్పటి అవగాహన. ఇది మీ అమ్మాయికి తప్పక చెప్పండి. పద్నాలుగేళ్ళ పిల్ల 'ఇక అంతా అయిపోయింది' అనుకుంటూ పడుకోవడం నాకు తాతయ్య అపోహల కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

నాలుగోది ప్రయోగం. రెండు సీసాలు తీసుకుని, ఒకదాంట్లో వెనిగర్, వంటసోడాతో కార్బన్ డయాక్సైడ్ నింపి, దీపం కింద పెట్టి థర్మామీటర్ చూపించాలని అనుకుంటోంది. చాలా స్కూళ్ళలో చేస్తారు, కానీ అది చూపించేది వేరే విషయం. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు కాబట్టి అడుగున నిలిచిపోయి, లోపలి వేడిగాలి పైకి లేచి కలవడాన్ని తగ్గిస్తుంది. అందుకే ఆ సీసా వేడెక్కుతుంది. పరారుణాన్ని పీల్చని ఆర్గాన్ నింపినా దాదాపు అదే ఫలితం వస్తుంది. పైగా గాజే పరారుణాన్ని అడ్డుకుంటుంది. ఎవరైనా తెలిసిన న్యాయనిర్ణేత అడిగితే పిల్ల ఇరుక్కుంటుంది.

దాని బదులు మంచు ప్రయోగం చేయించండి. తాతయ్య పట్టుకున్న తప్పే పిల్లకు ప్రయోగం అవుతుంది. ఒకే కొలత ఉన్న రెండు పారదర్శక పాత్రలు, లోపలి వెడల్పు 8 సెంటీమీటర్లు ఉంటే చాలు. రెండింట్లోనూ ఒకే సైజు రాయి పెట్టాలి. మొదటిదాంట్లో రాయి పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి, 150 గ్రాముల ఐస్ తేలేలా వేయాలి. రెండోదాంట్లో రాయి పైభాగం నీటి పైకి వచ్చేలా నిలబెట్టి, దాని మీద 150 గ్రాముల ఐస్ పెట్టాలి. ఐస్ పెట్టిన తర్వాతే రెండు మట్టాలకూ మార్కర్‌తో గీత గీయాలి, ముందే గీస్తే తేలే ఐస్ నీటిని పైకి నెట్టి లెక్క తప్పుతుంది. కరిగాక మొదటిది గీత దగ్గరే ఉంటుంది, రెండోది సుమారు 3 సెంటీమీటర్లో, రాయి చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అంతకన్నా కాస్త ఎక్కువో పెరుగుతుంది. రెండో పాత్రలో ఐస్ నీటిని తాకకూడదు. అంచుకు కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి, లేకపోతే పొంగిపోతుంది. మంచినీళ్ళే వాడాలి. ఉప్పునీళ్ళలో తేలే మంచినీటి ఐస్ కరిగితే మట్టం కొద్దిగా పెరిగి పిల్లకు అనవసరపు తికమక.

ఇప్పుడు మీరేం చేయాలన్నది. మీ ముందు మూడు దారులున్నాయనిపిస్తోంది.

ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఇంట్లో ఈ మాటే ఎత్తవద్దని ఇద్దరికీ చెప్పడం ఒకటి. వెంటనే ఇల్లు చల్లబడుతుంది. కానీ మీ మౌనాన్ని నాన్నగారు అంగీకారం అనుకుంటారు, అమ్మాయేమో అమ్మ తనను వదిలేసిందనుకుంటుంది. పదిరోజులకైతే ఫరవాలేదు, అలవాటుగా మారితే మాత్రం నష్టం.

బయటివాళ్ళతో, స్కూల్ టీచరుతోనో మరొకరితోనో, ఆయనకు చెప్పించడం రెండోది. వాస్తవాలు సరిగ్గా చేరతాయి. అయితే మనవరాలి తరఫున ఒకరు వచ్చి తనకు పాఠం చెప్పినట్టు ఆయన భావిస్తారు. ఆయన స్వభావం మీరు రాసినట్టే ఉంటే నేనైతే ఈ దారి పట్టను.

మూడోది కాస్త శ్రమ. చార్టులకు ఆయన్ని పరీక్షకుడిగా పెట్టడం. ముందు మీరొక్కరే ఆయన దగ్గర కూర్చోండి. "నాన్నా, తేలే మంచు విషయంలో మీరన్నదే రైటు, తను దిద్దుకుంటోంది" అనండి. అది నిజం కాబట్టి పొగడ్తలా ఉండదు. తర్వాత 4,100 కోట్ల టన్నుల లెక్క కాగితం మీద పెట్టి, ఇందులో తప్పెక్కడుందో చూడమనండి. ఔననమని అడగవద్దు. చూడమనండి, చాలు. ఒకసారి కూర్చుంటే ఒకే అంశం, వీడియోలు వద్దు. పది నిమిషాల వీడియోలో ఇరవై వాదనలుంటాయి, ఒక్కోదానికీ జవాబు వెతకడానికి గంట పడుతుంది, ఈలోగా ఇంకో వీడియో వస్తుంది. వీలుంటే ఇద్దర్నీ ఒక ప్రశ్న అడగండి: "ఏం కనబడితే మీ అభిప్రాయం మార్చుకుంటారు?" అమ్మాయి దగ్గరా జవాబుండాలి. స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కుతుంటేనో, గాలిలో కార్బన్-13 వాటా పెరుగుతుంటేనో తను పునరాలోచించుకోవాలి.

ఈ దారిలో ప్రమాదమూ లేకపోలేదు. ఆయన లెక్కను ఒప్పుకుని, "అయినా మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ మంచిదేగా" అని పక్కకు జరగవచ్చు. దాన్ని ఓటమిగా తీసుకోవద్దు. 'మనిషి కారణం కాదు' నుంచి 'దానివల్ల నష్టమా?' దాకా రావడం చాలా దూరం రావడమే. ఆ ప్రశ్నకు కూడా సగం ఔనుంది: కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చాలా మొక్కలు ఏపుగా పెరుగుతాయి, అదే సమయంలో వేడి, నీటి కొరత ఆ లాభాన్ని తినేస్తాయి, కొన్ని ధాన్యాల్లో ప్రొటీన్, జింక్ తగ్గుతాయి.

అమ్మాయితో వేరుగా మాట్లాడండి. సైన్సు విషయంలో తను వెనక్కి తగ్గనక్కర్లేదు, 'మీలాంటివాళ్ళే' అన్న ముక్కకు మాత్రం క్షమాపణ చెప్పాలి. తాతయ్య ఉద్యోగంలో చేరిన రోజుల్లో చాలా దేశాలు కరెంటు కోసం ప్రధానంగా బొగ్గునే నమ్ముకున్నాయి, ఆ కరెంటు వెలుగులోనే తను చదువుకుంటోంది. ఇది ఆయన్ని వెనకేసుకురావడం కాదు, బాధ్యత ఒక్క మనిషి మీద పడేంత చిన్నది కాదని చెప్పడం. ముందు ఎవరు మాట్లాడాలన్న పట్టింపు వస్తే, పెద్దరికాన్ని చూసి పిల్లే వెళ్ళడం సులువు. వెళ్ళేటప్పుడు రెండు పాత్రలూ, ఐసూ పట్టుకుని వెళ్ళమనండి, మార్కర్ గీత ఆయన చేత గీయించమనండి. ఓజోన్ చార్టు, సీసాల ప్రయోగం మాత్రం ఈ రాత్రికే పక్కన పెట్టించండి, కొత్త చార్టు రాసుకోవడానికి పిల్లకు టైము కావాలి.